కాసిమేడు తెలుగు బోటు డ్రైవర్లకు ఒక ఉత్తరం: డెక్కు మీద కళ్ళ సంగతి

డ్రైవరన్నలకు, బాబాయిలకు, మావయ్యలకు నమస్కారం.

నేను చెన్నై కాసిమేడులో పెరిగిన పిల్లని. సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో బారువ దగ్గర. మా నాన్న ఇరవై ఆరేళ్ళు ఇక్కడ మరబోట్ల మీద కలాసీగా చేశారు, నేను రాయపురంలో ఒక కళ్ళజోళ్ళ షాపులో ఏడేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎండ నుంచి కళ్ళని కాపాడుకోవడం గురించిన ఈ ఉత్తరం ఓనర్లకి రాయొచ్చు, ఫిషరీస్ డిపార్ట్‌మెంటుకి రాయొచ్చు. కానీ బోటు హార్బరు దాటాక కలాసీ కుర్రాడు చూసేది మీ మొహమే. మీరు టోపీ పెట్టుకుంటే వాడూ పెట్టుకుంటాడు, వాడు కళ్ళజోడు పెట్టుకున్నప్పుడు మీరు నవ్వితే తీసి సంచిలో పెట్టేస్తాడు, మళ్ళీ ఆ సీజనంతా బయటికి తీయడు. అందుకే మీకు రాస్తున్నాను.

నాన్న సంగతి ముందు చెప్తాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన కుడి కంట్లో ముక్కు వైపు మూల నుంచి చిన్న కండ మొదలైంది. ఎర్రగా, తడిగా, చిన్న రెక్కలా. అమ్మ చూసి అడిగితే "ఉప్పునీళ్ళు పడ్డాయిలే, బోటోళ్ళందరికీ ఉండేదే" అన్నారు. నిజమే, ఉండేదే. హార్బరులో వలలు కుట్టే చోట ఒక పది నిమిషాలు నిలబడి యాభై దాటిన వాళ్ళ కళ్ళు చూడండి, ఎంతమందికి ఆ కండ ఉందో మీకే తెలుస్తుంది. అందరికీ ఉంది కాబట్టి అది జబ్బు కాదని మనం అనుకోవడం మొదలుపెట్టాం, తల నెరిసినట్టు, చేతులు కాయలు కాసినట్టు, అదీ ఒకటి అనుకున్నాం.

ఎరుపు తగ్గడానికి నాన్న మందుల షాపులో చుక్కల మందు కొనుక్కునేవారు. చీటీ అక్కర్లేదు, వాళ్ళూ అడగలేదు. వేస్తే రెండు గంటల్లో కన్ను తెల్లబడేది. ఆ సీసా బోటులో అందరి చేతులూ తిరిగేది, ఒకళ్ళ కంటి నుంచి ఇంకొకళ్ళ కంటికి. రెండేళ్ళు అలాగే గడిచింది. ఆ లోపల కండ తెల్లగుడ్డు దాటి నల్లగుడ్డు మీదికి పాకింది. రాత్రిపూట ఎదురొచ్చే బోటు లైటు ఒక చుక్కలా కాకుండా చుట్టూ పిచ్చి గీతలతో చెదిరి కనపడుతోందని ఇంట్లో చెప్పారు గానీ బోటులో ఎవరికీ చెప్పలేదు. చెబితే వాచీకి, అంటే రాత్రి కాపలాకి పెట్టరు, వాచీకి పెట్టకపోతే మెల్లగా పనికీ పిలవరు. ఒక రాత్రి ఎదురుగా వచ్చే బోటుని ఆయన ఆలస్యంగా చూశారు. డ్రైవరు చూశాడు కాబట్టి ఏమీ కాలేదు. ఆ మర్నాడు తిట్లు పడ్డాక డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

కండ తీశారు, దాని కింద కంట్లో శుక్లం కూడా మొదలైందన్నారు. అప్పటికి నాన్నకి యాభై ఒకటి. ఇప్పుడు ఒడ్డు మీదే వలల పని చేస్తున్నారు. వల కన్ను ఒక్కటి తెగితే ఆ పూటే కూర్చుని కుట్టే మనిషి ఆయన, ఇప్పుడు చూసే దానికంటే వేళ్ళతో తడిమే ఎక్కువ కుడుతున్నారు.

కళ్ళజోళ్ళ షాపులో చేరాక నాకు తెలిసినవి కొన్ని, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి కొన్ని మీకు చెప్పాలి. ఈ కండ ఉప్పునీళ్ళ వల్ల వచ్చేది కాదు. గాలి, దుమ్ము, ఉప్పు కంటిని మండించి దాన్ని ఇంకా ఎర్రగా చేస్తాయి గానీ అసలు కారణం ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు, షాపుల్లో మనం యూవీ అంటాం. అది కంటికి కనపడదు, వేడిగా కూడా అనిపించదు. అందుకే సముద్రం మీద చల్లగాలి కొడుతుంటే ఎండ తగలట్లేదనిపిస్తుంది, మబ్బు పడితే ఇంకా నిశ్చింతగా ఉంటాం, పల్చటి మబ్బులోంచి ఆ కిరణాల్లో చాలా భాగం దిగుతూనే ఉంటుంది. పైగా అది సూర్యుడి నుంచి సూటిగా వచ్చేది మాత్రమే కాదు, ఆకాశమంతా చెదిరి అన్ని వైపుల నుంచీ వస్తుంది. ఊళ్ళో అయితే గోడలు, చెట్లు కొంత అడ్డుకుంటాయి, సముద్రం మీద మనిషి చుట్టూ అడ్డం అనేదే లేదు. నీళ్ళ మీది నురుగు పావు వంతు దాకా యూవీని వెనక్కి కొడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, పొడి ఇసుక పదిహేను శాతం. వీల్‌హౌస్‌లో, అంటే చక్రం తిప్పే గదిలో, పైకప్పు కింద ఉన్నాం కదా అని మీరు అనుకుంటే, పైనుంచి వచ్చేది ఆగింది గానీ పక్కల నుంచీ నీళ్ళ మీద నుంచీ వచ్చేది ఆగలేదు.

పక్కల నుంచి అన్నాను కదా, అక్కడే అసలు విషయం ఉంది. కండ దాదాపు ఎప్పుడూ ముక్కు వైపు నుంచే ఎందుకు మొదలవుతుందో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. కొరోనియో అనే ఆస్ట్రేలియా కంటి డాక్టరు దీన్ని వివరించారు. చెవి వైపు నుంచి కంటి మీద పడే వెలుతురుని నల్లగుడ్డు వంపు ఒక భూతద్దంలా పట్టుకుని, అవతలి వైపు, అంటే ముక్కు వైపు అంచు మీద గుచ్చుతుందట. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అందుకని ముందు మాత్రమే కప్పే కళ్ళజోడు సగం పనే చేస్తుంది. పక్కలు మూసి మొహానికి వంగి ఉండే జోడు కావాలి.

ఇంకో సంగతి విని నేనే ఆశ్చర్యపోయాను. మిట్టమధ్యాహ్నం ఎండ చర్మానికి చెడ్డది గానీ కంటికి ఆ టైములో కనుబొమ ఎముక కొంత గొడుగు పడుతుంది, పైగా మనం తల ఎత్తి చూడం. పొద్దున ఎనిమిది నుంచి పది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, సూర్యుడు వాలుగా ఉండి సూటిగా కంట్లో పడే గంటలే కంటికి ఎక్కువ దెబ్బ అని జపాన్‌లో కొలిచి చూశారు. మన బోట్ల సంగతి ఆలోచించండి. మనది తూర్పు తీరం. తెల్లవారుజామున బయల్దేరితే తూర్పుకే పోతాం, సూర్యుడు ఎదురుగా లేస్తాడు. మధ్యాహ్నం దాటాక ఒడ్డుకి తిప్పితే పడమటికి వస్తాం, మళ్ళీ ఎదురుగానే. చక్రం పట్టుకున్న మీ కళ్ళు పోయేటప్పుడూ ఎండకే, వచ్చేటప్పుడూ ఎండకే. కలాసీ కనీసం వల మీదికి తల వంచుతాడు, మీకు ఆ అవకాశం కూడా లేదు.

శుక్లం గురించి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది మనలాంటి వాళ్ళ మీదే చేసిన పరిశోధన. అమెరికాలో మేరీల్యాండ్ దగ్గర చెసపీక్ అని ఒక పెద్ద అఖాతం ఉంది. అక్కడ పీతలు, ఆల్చిప్పలు పట్టి బతికే 838 మంది జాలర్ల కళ్ళని హ్యూ టేలర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు పరీక్ష చేశారు. ఎన్నేళ్ళు నీళ్ళ మీద పనిచేశావు, ఏ నెలల్లో, టోపీ పెట్టుకునేవాడివా, కళ్ళజోడు పెట్టుకునేవాడివా అని ఒక్కొక్కరినీ అడిగి, ఆ మనిషి కంటికి జీవితంలో ఎంత యూవీ తగిలి ఉంటుందో లెక్క కట్టారు. 1988లో ఫలితం బయటికి వచ్చింది. ఆ లెక్క రెట్టింపైతే కంటి కటకం అంచుల నుంచి మొదలయ్యే రకం శుక్లం వచ్చే అవకాశం 1.6 రెట్లు అయింది. వాళ్ళూ ఒకే రకం పని చేసేవాళ్ళు, ఒకే నీళ్ళ మీద తిరిగేవాళ్ళు. ఒకడికి ఎక్కువ తగిలి ఇంకొకడికి తక్కువ తగలడంలో టోపీ, కళ్ళజోడు లెక్క కూడా ఉంది.

మన దగ్గర ఎండ చెసపీక్ కంటే చాలా ఎక్కువ. చెన్నై పదమూడు డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు, అప్పుడు వేట నిషేధం కాబట్టి బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు చేపల కోసం పెట్టిన నిషేధం మన కళ్ళకి కూడా కొంచెం విశ్రాంతి ఇస్తోంది. కానీ ఆగస్టు మూడో వారంలో ఆయన మళ్ళీ అదే నడినెత్తి మీదికి వస్తాడు, అప్పుడు మీరు నడిసముద్రంలో ఉంటారు. ఆకాశం మసకగా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఇక అలవాట్ల గురించి. నేను అడిగిన ప్రతి ఒక్కరూ చెప్పే కారణాలు నాకు కంఠతా వచ్చేశాయి, వాటిలో చాలావరకు న్యాయమైనవే.

కూలింగ్ గ్లాసులు పెడితే హీరో అంటారు. ఇదే అన్నిటికంటే పెద్ద అడ్డంకి అని నా నమ్మకం, దీన్ని తీసేయగలిగింది మీరొక్కరే. జీపీఎస్ కొత్తగా వచ్చినప్పుడు చుక్కలు చూసి దారి చెప్పే పెద్దవాళ్ళు దాన్ని వెక్కిరించారట, నాన్న చెప్పేవారు. ఇవాళ అది లేకుండా ఎవరు కదుల్తున్నారు? టోపీ అయితే మనకసలు కొత్తే కాదు. మా ఊరి వైపు పొలం పనికి పోయేవాళ్ళు తాటాకు గిడుగు పట్టుకుపోయేవాళ్ళు. పూరీలో యాత్రికులని సముద్ర స్నానం చేయించే నోలియాలు మన తెలుగు మాట్లాడే జాలర్లే, కోసుగా ఉండే టోపీ చూసే జనం వాళ్ళని గుర్తుపడతారు. మనం తలకి చుట్టే తువ్వాలు నెత్తిని కాపాడుతుంది, కంటి మీద మాత్రం నీడ వేయదు. చుట్టూ మూడు అంగుళాల అంచున్న గుడ్డ టోపీ, గడ్డం కింద తాడుతో, కంటికి తగిలే యూవీని దాదాపు సగానికి తగ్గిస్తుంది. ముందు మాత్రమే అంచుండే క్రికెట్ టోపీ పక్కలని వదిలేస్తుంది.

రంగు తెలియట్లేదంటారు. రొయ్య ఏరేటప్పుడు, చేప తాజాదనం చూసేటప్పుడు రంగు తెలియాలి, నిజం. నీలం, పసుపు, ఎరుపు అద్దాలు కొనకండి. బూడిద రంగు అద్దం, షాపులో గ్రే అని అడగండి, రంగులని మార్చకుండా వెలుతురుని మాత్రం తగ్గిస్తుంది. అసలు యూవీని ఆపేది నలుపు కాదు. ఇది చాలామందికి తెలీదు, నాకూ షాపులో చేరేదాకా తెలీదు. యూవీని ఆపే గుణం అద్దంలో ఉంటుంది, దానికి రంగే లేదు. యూవీ400, అంటే యూవీని దాదాపు పూర్తిగా ఆపే గుణం ఉంటే తెల్లటి అద్దం కూడా ఆపుతుంది. ఆ గుణం లేని కటిక నల్లద్దం అయితే ఏమీ పెట్టుకోకపోవడం కంటే చెడ్డది కూడా కావచ్చు, ఎందుకంటే చీకటి అనుకుని కంటిపాప పెద్దదవుతుంది, పెద్దదైన ఆ కిటికీలోంచి యూవీ ఇంకా లోపలికి పోతుంది. బీచిలో బుట్టలో పెట్టి అమ్మే జోళ్ళ విషయంలో నా భయం ఇదే. హీరో అంటారని సిగ్గుపడే కుర్రాళ్ళకి తెల్లద్దాల పాలీకార్బొనేట్ జోడు చాలు. ఆ ప్లాస్టిక్‌కి యూవీని ఆపే గుణం పుట్టుకతోనే ఉంటుంది, తొందరగా పగలదు, తాడు తెగి మొహానికి తగిలినా, గాలం ఎగిరి వచ్చినా కంటిని కాపాడుతుంది. పారీస్ కార్నర్ దగ్గర హార్డ్‌వేర్ షాపుల్లో పక్కలు మూసి ఉండే రకం రెండు మూడు వందల లోపే దొరుకుతుంది.

నీళ్ళ మీది మిరుమిట్లు ఆపడానికి పోలరైజ్డ్ అద్దం బాగా పనిచేస్తుంది, మెరుపు తగ్గి నీటి లోపల కూడా కొంత కనపడుతుంది. కానీ డ్రైవర్లకి ఒక జాగ్రత్త. పోలరైజ్డ్ అద్దంలోంచి జీపీఎస్, లోతు చూపించే ఎకో సౌండర్ తెరలు కొన్ని కోణాల్లో నల్లగా కనపడతాయి. తెర పాడైందనుకుని టెన్షన్ పడొద్దు, తల కాస్త వంచితే కనపడుతుంది. మీ తెర దగ్గర పెట్టి చూసుకున్నాకే కొనండి, లేకపోతే మామూలు గ్రే తీసుకోండి. రాత్రి మాత్రం ఏ రంగద్దమూ వద్దు. పసుపు అద్దం పెడితే రాత్రి బాగా కనపడుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

జోడు సముద్రంలో పడిపోతుందంటారు. వల దారం మీ చేతిలో పనే కదా, వెనకాల తాడు కట్టి దానికి చిన్న బెండు ముక్క గుచ్చండి, తేలుతుంది. ఉప్పు పట్టి మసకబారుతుందంటారు, పొడిగా లుంగీతో తుడిస్తే ఆ ఉప్పు రవ్వే అద్దాన్ని గీకేస్తుంది, ముందు తాగే నీళ్ళు రెండు చుక్కలు పోసి కడిగి అప్పుడు తుడవాలి. ఆవిరి పడితే సబ్బు పల్చగా రాసి ఆరనిచ్చి తుడిస్తే కాసేపు ఆగుతుంది. నలభై దాటినవాళ్ళకి చత్వారం ఉంటుంది, వాళ్ళ పవర్ అద్దాలకే యూవీ గుణం వేయించుకోవచ్చు, రెండు జోళ్ళు మార్చుకునే పని ఉండదు.

చుక్కల మందు సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నాను, కోపం తెచ్చుకోకండి. కన్ను వెంటనే తెల్లబరిచే మందుల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చూసి ఇన్ని రోజులు అని ఇస్తే అది మంచి మందే. ఎవరూ చూడకుండా నెలల తరబడి వేసుకుంటే కంటి లోపల ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి, శుక్లం కూడా తొందరగా వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. శుక్లం తీసి కొత్త కటకం పెట్టొచ్చు, కండ తీసి ఆ చోట కంటి పొర అతికించొచ్చు, దీన్ని మాత్రం వెనక్కి తేలేం. మీ బోటు మందుల పెట్టెలో అలాంటి సీసా ఉంటే దయచేసి తీసి పారేయండి. ఒకే సీసా పది కళ్ళకి తిప్పడం కూడా ఆపించండి, కళ్ళకలక అలాగే బోటంతా అంటుకుంటుంది.

ఎండ తగిలేవాటిలో పెదాలు, మెడ, చెవులు కూడా ఉన్నాయి, కింది పెదవి మీద మానని పుండు ఉంటే చూపించుకోవాలి. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఇప్పుడు నేను అడిగేది. ట్రిప్పుకి ముందు డీజిల్, ఐసు, బియ్యం, నీళ్ళు బోటు ఖర్చులో రాస్తారు, అమ్మకం అయ్యాక ఆ ఖర్చు తీసేసి మిగిలింది వాటాలు వేస్తారు. ఈ జూన్ 15న బయల్దేరే ముందు ఆ లిస్టులో మనిషికొక జోడు, ఒక టోపీ రాయించండి. పది మంది బోటుకి కొద్ది వేలే అవుతుంది, డీజిల్‌కే లక్షలు పోసే చోట ఓనరు కాదనడానికి అది పెద్ద మొత్తం కాదు. కలాసీ కుర్రాడు తనకొచ్చే బత్తా డబ్బుల్లోంచి కొనుక్కోవాలంటే కొనడు, నేను ఏడేళ్ళుగా చూస్తున్నాను, కొనడు. వాడికి ఆ డబ్బుతో ఊరికి పంపాల్సినవి వంద ఉంటాయి. బోటు సామాను అయితే పెట్టుకుంటాడు. ఓనరుతో ఈ మాట మాట్లాడగలిగేది మీరే, మంచి డ్రైవరు అడిగితే ఓనరు వింటాడని కాసిమేడులో అందరికీ తెలుసు.

రెండోది, ఒక్కసారి కళ్ళు చూపించుకోండి. ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో మొదలైంది, ప్రపంచంలోనే చాలా పాత కంటి ఆసుపత్రుల్లో ఒకటి, మనకి ఇంత దగ్గర్లో ఉంది. వేట లేని ఈ రెండు నెలల కంటే మంచి టైము మీకు దొరకదు. మన కుర్రాళ్ళు చాలామంది ఇప్పుడు ఊళ్ళల్లో ఉన్నారు, జూన్ మొదటి వారంలో బోటుకి రంగులు వేయడానికి, వలలు ఎక్కించడానికి తిరిగి వస్తారు. అప్పుడే ఒక రోజు పెట్టుకుని నలుగురు నలుగురుగా పంపండి. కండ నల్లగుడ్డుని తాకక ముందైతే ఇంతలోనే కోయాల్సిన పని కూడా ఉండకపోవచ్చు. ఎండ ఆపి, డాక్టరు చెప్పిన చుక్కలు వాడుతూ చూసుకుంటే అక్కడే ఆగే అవకాశం ఉంది. చూపు తగ్గిందని చెప్పిన కలాసీని పనిలోంచి తీసేయబోమని కూడా మాట ఇవ్వండి. ఆ భయంతోనే నాన్న రెండేళ్ళు నోరు మూసుకున్నారు.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న జోళ్ళు పనికొస్తాయో లేదో చూడడానికి మా షాపులో చిన్న యూవీ మీటరు ఉంది, అద్దం కింద పెడితే క్షణంలో చెప్తుంది. మా ఓనరుని అడిగాను, జూన్ మొదటి రెండు ఆదివారాలు దాన్ని తీసుకెళ్ళమన్నారు. పొద్దున ఏడు నుంచి పది దాకా వలలు కుట్టే షెడ్డు దగ్గర నాన్న పక్కన కూర్చుని ఉంటాను. ఎక్కడ కొన్నదైనా తీసుకురండి, డబ్బులేం వద్దు. బెండు కట్టిన తాడు ఎలా ఉండాలో నాన్న రెండు మూడు చేసి పెట్టారు, అవీ చూడొచ్చు.